ఒక దెబ్బకు ఒక గీత

అక్కను సాగనంపడానికి తమ్ముడు రాలేదు.

కారణాలు ఉండే ఉంటాయి. కారణం లేని మనిషి లోకంలో లేడు. డిటెక్టివ్ వాటిని వినలేదు, వినదలచుకోలేదు. భార్య పోయి నాలుగేళ్లయింది. ఈ నాలుగేళ్లలో బావమరిది బండ్ల రిపేరు షెడ్డు ఉన్న వీధిలో ఆయన అడుగు పెట్టలేదు. ఆ వీధి మీదుగా పోయే బస్సు కూడా ఎక్కలేదు.

ఈ ఉదయం అదే షెడ్డు ముందు నిలబడ్డాడు. తెగిన చుట్టరికం ముడేసుకోవడానికి రాలేదు. ఒక లారీ డ్రైవరు, ఆరడుగుల మనిషి, లాకప్పులో ఉన్నాడు. నిన్న ఆ డ్రైవరు భార్య ఆయన గది గుమ్మంలో నిలబడి కన్నీళ్లు పెట్టుకోకుండా చెప్పింది.

"మా ఆయన మంచివాడని నేను చెప్పనండీ. నోరు తెరిస్తే అగ్గి. పెళ్లయిన నాటి నుంచి నాతో సరిగ్గా మాట్లాడింది లేదు. కానీ బండి కింద మనిషి పడితే వదిలేసి పారిపోయే రకం మాత్రం కాదు. అంత పిరికితనం ఆయనకి చేతకాదు."

పొగడ్త లేని సాక్ష్యం కాబట్టి డిటెక్టివ్ నమ్మాడు.

కేసు చూడటానికి చిన్నదే. మొన్న సాయంత్రం మసక చీకట్లో, ఈ షెడ్డు వెనక సందులో, గోడౌన్ కాపలా ముసలాయన బండికీ గోడకీ మధ్య నలిగి చనిపోయాడు. ఆయన చొక్కా గుండీ సందున నీలం రంగు పెచ్చు దొరికింది. డ్రైవరు నడిపే అదే రంగు మినీ లారీ నిన్న మధ్యాహ్నం ఈ షెడ్డులోనే కనబడింది. అప్పటికే మడ్‌గార్డు సరిచేసి, డోరు సరిచేసి, కడిగి తుడిచి పెట్టారు.

డ్రైవరు చెప్పేది ఒకటి. మొన్న మధ్యాహ్నం సరుకు దింపుతుంటే గేటు స్తంభానికి బండి రాసుకుంది. మడ్‌గార్డు కాస్త వెనక్కి జరిగి డోరుకు తగులుతోంది. బండి షెడ్డులో వదిలి, తాళాలు మేస్త్రి చేతికిచ్చి, నడుచుకుంటూ ఇంటికి వెళ్లిపోయాడు. ముసలాయన పోయేసరికి బండి తన దగ్గర లేదు.

మేస్త్రి, అంటే బావమరిది, చెప్పేది ఇంకొకటి. బండి మొన్న రానే లేదు. నిన్న పొద్దున షట్టరు తీసే వేళకు వచ్చింది. అంటే మనిషిని నొక్కేశాక వచ్చింది.

ఇద్దరిలో ఒకడు అబద్ధమాడుతున్నాడు. ఎవడో తేలితే డ్రైవరు ఇంటికి వెళ్తాడు. తేలకపోతే జైలుకు వెళ్తాడు. బావమరిది అబద్ధాలకోరని నమ్మడం డిటెక్టివ్‌కు నల్లేరు మీద నడక. అందుకే నమ్మకుండా వచ్చాడు.

షెడ్డు లోపల బండి చుట్టూ పోలీసులు తాడు కట్టారు. తాడు పక్కన ఇన్‌స్పెక్టరు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఇస్త్రీ నలగని మనిషి. చురుకైనవాడు, ఆ సంగతి తనకు తెలిసినవాడు.

"రండి ప్రైవేటు గారూ. దారి తప్పారా?"

"లేదు. మీరు తప్పారేమో చూద్దామని."

"మేస్త్రి మీ బావమరిదట కదా. ఇంటి గొడవ తీర్చుకోవడానికి నా కేసు వాడుకోకండి."

"ఇంటి గొడవ తీరిపోయింది. కేసే మిగిలింది."

లోపలి నుంచి మేస్త్రి వచ్చాడు. వాళ్ల ఇంట్లో మగవాళ్లంతా తాటిచెట్లే. బండ్ల కింద వంగీ వంగీ వీపు కాస్త గూని కట్టింది గాని, ఇప్పటికీ గుమ్మం దాటాలంటే తల దించాల్సిందే. బావను చూసి ఆగిపోయాడు. చేతిలోని గుడ్డతో, శుభ్రంగానే ఉన్న చేతులు తుడుచుకున్నాడు.

"బావా..."

"ప్రశ్నలున్నాయి. జవాబులు చెప్పు."

అతని వెనకే కూతురు వచ్చింది. షెడ్డులో రంగు పని ఆమెదే. రంగు కొట్టేటప్పుడు ముక్కుకు కట్టుకునే గుడ్డ మెడలో వేలాడుతోంది. తల్లి పోలిక, పొట్టి మనిషి. పాతికేళ్లు నిండుతున్నా దూరం నుంచి చూస్తే బడిపిల్లే అనుకోవాలి. చిన్నప్పుడు సెలవులన్నీ అత్త దగ్గరే గడిపేది. అత్త పోయిన రోజున తండ్రి రాలేదు, ఈ పిల్ల ఒక్కతే వచ్చింది.

"బాగున్నారా మావయ్యా?"

ఆయన తల ఊపాడు. ఈ ఇంట్లో ఆయన జవాబిచ్చే పలకరింపు అదొక్కటే.

స్టూలు వేస్తే కూర్చోలేదు.

"బండి ఎప్పుడొచ్చింది?"

"నిన్న పొద్దున. షట్టరు తీస్తున్నా, హారన్ కొట్టాడు."

"ఎవరు?"

"ఇంకెవరు, వాడే. డ్రైవరు."

"ఏమన్నాడు?"

"గేటు స్తంభానికి రాసుకుందన్నాడు. డోరు తెరుస్తుంటే మడ్‌గార్డుకి తగులుతోంది, అర్జెంటు మేస్త్రీ అన్నాడు. నాకేం తెలుసు, దాని వెనక మనిషి ప్రాణం ఉందని?"

"నువ్వేం చేశావు?"

"ఏముంది బావా. బోల్టులు వదులు చేశా. మడ్‌గార్డు ముందుకి లాగా. డోరు వాలితే మడతబందు దగ్గర కొంచెం ఎత్తా. సందు సరిచూసి బిగించా. అమ్మాయి రంగు పెచ్చు లేచిన చోట అద్దింది. పది దాటేసరికి పనైపోయింది."

"మడ్‌గార్డు ఎన్నిసార్లు లాగావు?"

మేస్త్రి ఇన్‌స్పెక్టరు వైపు చూశాడు. "ఎన్నిసార్లేంటి? వంకర ఒకసారి తీస్తే తీరిపోయింది. మళ్లీ మళ్లీ తీయడానికి అది కుక్కతోకా?"

"ఒకసారి."

"ఒక్కసారే."

"రాసుకోండి," అన్నాడు డిటెక్టివ్.

"నేను మీ గుమాస్తానా?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"కాదు. కానీ పెన్ను మీ జేబులో ఉంది."

ఇన్‌స్పెక్టరు నవ్వలేదు, రాసుకున్నాడు. రాసి, మూత బిగిస్తూ అన్నాడు. "మీ శ్రమ తగ్గిస్తా, వినండి. ఓనరు పోయిన నెలే బండికంతా కొత్త రంగు వేయించాడు. బాడీ అంతా నేనే దగ్గరుండి చూశా. పాత సొట్ట లేదు, పాత గీత లేదు. ఈ బండికి తగిలిన దెబ్బ ఒక్కటే, అది ముసలాయన్ని గోడకి నొక్కిన దెబ్బ. గేటు స్తంభమూ లేదు, గాడిదగుడ్డూ లేదు. మీ డ్రైవరు అల్లిన కథ."

"పోయిన నెల కొత్త రంగు. మీ మాటేనా?"

"నా మాటే. ఓనరు మాట కూడా."

డిటెక్టివ్ తాడు కిందుగా దూరి బండి దగ్గరికి వెళ్లాడు.

ముందు ఎక్కి డ్రైవరు సీట్లో కూర్చున్నాడు. స్టీరింగ్ ముట్టుకోలేదు. బయటి అద్దంలోకి చూశాడు, కాసేపు అలాగే ఉన్నాడు. దిగాడు. డోరు మూశాడు. మెత్తగా పడింది. పై నుంచి కింది దాకా డోరుకూ మడ్‌గార్డుకూ మధ్య సందులో వేలు పెట్టి జరిపాడు. ఎక్కడా ఎక్కువ లేదు, తక్కువ లేదు. కొత్త బండికి కూడా అంత బాగా కుదరదు. బావమరిది మీద ఎన్ని కోపాలు ఉన్నా పని మీద ఎవరూ మాట అనలేరు.

మళ్లీ డోరు బార్లా తెరిచాడు. తెరిస్తే లోపలి అంచున, మడ్‌గార్డును బాడీకి పట్టించే బోల్టులు వరుసగా నాలుగు కనిపిస్తాయి. కానిస్టేబుల్ దగ్గర టార్చి తీసుకుని మోకాళ్ల మీద కూర్చుని, పై నుంచి మొదలుపెట్టి ఒక్కొక్క బోల్టు చూశాడు. నాలుగోది చూశాక మళ్లీ మొదటి దానికి వెళ్లాడు.

లేచేటప్పటికి ఆయన ముఖంలో రంగు లేదు.

ఈ షెడ్డు పెట్టింది మామగారు. చదువు లేదు, దయా లేదు, చేతిలో మాత్రం సరస్వతి ఉండేది. ఆయనకు ఒక కట్టుబాటు ఉండేది. దెబ్బ తిన్న బండి వస్తే, బోల్టు విప్పే ముందు, మొన తేల్చిన పాత స్క్రూడ్రైవరుతో వాషరు మీది నుంచి పక్క రేకు మీదికి ఒక గీత గీయాలి. మడ్‌గార్డు ఎంత జరిగిందో ఆ గీత చెబుతుంది. సరిచేశాక వాషరుతో పాటు దాని మీది సగం ముందుకు పోతుంది, రేకు మీది సగం అక్కడే ఉండిపోతుంది. ఒక దెబ్బకు ఒక గీత. గీత గీయకుండా బోల్టు విప్పినవాడు ఊరు పేరు అడగకుండా బస్సెక్కినవాడు అనేవాడు ఆయన. గీయడం మరిచిన రోజున కొడుకు వీపు మీద గీసేవాడు. ఇంకే షెడ్డులోనూ ఈ అలవాటు లేదు. కొత్తల్లుడిగా వచ్చిన రోజుల్లో డిటెక్టివ్ ఇదంతా ఈ గచ్చు మీదే కూర్చుని చూశాడు. పక్కన దీపం పట్టుకున్నది ఆయన భార్య, అప్పటికి పెళ్లయి ఆరు వారాలు.

"ఇన్‌స్పెక్టరు గారూ, ఇలా రండి. వాషరు పక్కన రేకు చూడండి. ఏం కనిపిస్తోంది?"

ఇన్‌స్పెక్టరు ప్యాంటు మడత చూసుకుంటూ వంగాడు. "గీత."

"ఎన్ని?"

ఇన్‌స్పెక్టరు ఇంకాస్త వంగాడు. "రెండు."

"కింది బోల్టుకి?"

"రెండే."

"నాలుగింటికీ రెండేసి. ఒకటి వాషరుకి బియ్యపుగింజంత దూరంలో, రెండోది చిటికెన వేలి వెడల్పంత దూరంలో. మొదటిది చిన్న దెబ్బ, గేటు స్తంభం. రెండోది పెద్ద దెబ్బ. ఈ షెడ్డులో ఒక దెబ్బకు ఒక గీత గీస్తారు. అంటే ఈ మడ్‌గార్డు ఇక్కడ రెండుసార్లు సరిచేశారు. ఒక్కసారే అని ఇప్పుడే మీచేత రాయించాడు."

"చెయ్యి జారి ఉండొచ్చు."

"నాలుగు బోల్టులకీనా?"

"ఎప్పటిదో పాత రిపేరు అయ్యుండొచ్చు."

"పోయిన నెల కొత్త రంగు అన్నది మీరు. రెండు గీతలూ ఆ రంగుని కోసుకునే పడ్డాయి. రెండింట్లోనూ ఇనుము తెల్లగా మెరుస్తోంది, తుప్పు పొర కూడా పట్టలేదు. రెండూ నిన్నామొన్నటివే."

ఇన్‌స్పెక్టరు టార్చి తన చేతిలోకి తీసుకున్నాడు. తొందరపడలేదు. నాలుగు బోల్టులూ తానే చూశాడు, గోటితో గీతలు తడిమాడు. తర్వాత నిటారుగా నిలబడి, డిటెక్టివ్‌తో కాకుండా మేస్త్రితో మాట్లాడాడు.

"మొదటి దెబ్బ సరిచేశాక బండికి రెండో దెబ్బ తగిలింది. అప్పుడు బండి ఎవరి దగ్గరుంది మేస్త్రీ?"

 మేస్త్రి గచ్చు మీద గొంతుకూర్చున్నాడు. అంత పొడుగు మనిషి కూర్చుంటే షెడ్డు ఒక్కసారి ఖాళీ అయినట్టుంది.

"చెయ్యి దానంతటదే గీసేసింది," అన్నాడు చివరికి, తన కుడిచేతిని ఎవరిదో అన్నట్టు చూసుకుంటూ. "నేను గీసినట్టు కూడా నాకు గుర్తులేదు."

"బండి ఎవరి దగ్గరుంది?"

"నా దగ్గరే సార్. డ్రైవరు మొన్న మధ్యాహ్నమే ఇచ్చాడు. సరిచేసి ట్రయల్‌కి తీశా. సందు మలుపులో ముసలాయన అడ్డొచ్చాడు. నేనే. రాసుకోండి, నేనే నడిపా."

ఇన్‌స్పెక్టరు కానిస్టేబుల్‌కు సైగ చేశాడు. డిటెక్టివ్ వైపు తిరిగి, గొంతు తగ్గించి, "ఒప్పుకుంటున్నా. ఇది నేను చూడలేదు," అన్నాడు. అంత మాట అనడం ఆయనకు సులువు కాదని కనిపిస్తూనే ఉంది.

డిటెక్టివ్ పని అక్కడికి అయిపోయినట్టే. డ్రైవరు ఇంటికి వెళ్తాడు. నాలుగేళ్లుగా ముఖం చూడనివాడు కాళ్ల దగ్గర తల వంచుకుని కూర్చున్నాడు. ఇంకెవడైనా అయితే టోపీ పెట్టుకుని వెళ్లిపోయేవాడు.

ఆయన వెళ్లలేదు. ఒక్కసారే అని అంత గట్టిగా బొంకినవాడు, నేనే అని ఇంత తేలిగ్గా ఎలా ఒప్పుకున్నాడు?

"ముసలాయన పోయాక బండిని షెడ్డులోకి తెచ్చింది ఎవరు?"

"నేనే."

"తర్వాత ఎవరైనా ఎక్కారా?"

"లేదు. తాళాలు నా దగ్గరే ఉన్నాయి. నిన్న పోలీసులొచ్చారు."

"నా మనుషులెవరూ క్యాబిన్‌లో చెయ్యి పెట్టలేదు," అన్నాడు ఇన్‌స్పెక్టరు. "తాడు నేనే కట్టించా. ఇందాక ఎక్కింది మీరే."

"ఎక్కి అద్దం చూసి దిగాను, ముట్టుకోలేదు. మేస్త్రీ, లే. సీట్లో కూర్చో."

మేస్త్రి లేచి, తల వంచి క్యాబిన్‌లోకి ఎక్కాడు. మోకాళ్లు స్టీరింగ్‌కు తగిలాయి.

"అద్దంలో ఏం కనిపిస్తోంది?"

"ఏం... వెనక రోడ్డు. గేటు."

"మళ్లీ చూసి చెప్పు."

మేస్త్రి చూశాడు. మెల్లగా, ఎవరూ గమనించరన్నట్టు, అతని చెయ్యి అద్దం వైపు వెళ్లింది.

"చెయ్యి తియ్!" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"ఇందాక నేను కూర్చుంటే వెనక టైరు కనిపించింది," అన్నాడు డిటెక్టివ్. "తల జానెడు కిందికి దించితే గాని గేటు కనిపించలేదు. నువ్వు నాకంటే జానెడు పైన ఉన్నవాడివి. నీకు నేల తప్ప ఏమీ కనిపించకూడదు. డ్రైవరూ నీ అంత ఎత్తు మనిషే. ఈ అద్దం మీ ఇద్దరిలో ఎవరూ సరిచేసుకున్నది కాదు. ఆఖరున ఈ సీట్లో కూర్చున్నది పొట్టి మనిషి."

ఆ మాట అంటున్నప్పుడు ఆయన ఎవరి వైపూ చూడలేదు. చూడాల్సిన అవసరం లేకపోయింది.

"నేనే మావయ్యా."

"నోర్ముయ్! లోపలికి పో!" మేస్త్రి క్యాబిన్‌లోంచి దూకినంత పని చేశాడు. "దానికేం తెలీదు సార్, రంగు పని చేసుకునే పిల్ల..."

"రెండు రోజులుగా మూసుకునే ఉన్నా నాన్నా. అన్నం దిగట్లేదు." మెడలోని గుడ్డను ఆమె రెండు చేతులతో పట్టుకుంది. "డ్రైవరన్న భార్య నిన్న ఈ గేటు దాకా వచ్చింది. లోపలికి రాలేదు. ఊరికే నిలబడి చూసి వెళ్లిపోయింది. ఆవిడ తిట్టినా బాగుండేది."

"లైసెన్సు ఉందా?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"ఉందండి. ట్రయల్‌కి ఎప్పుడూ నేనే తీస్తా. డోరు రాసుకుంటుందా, చప్పుడు చేస్తుందా చూడాలి కదా. సందులో తిప్పుతూ డోరు వైపే చూస్తున్నా, గతుకుల్లో డోరు సందు కదులుతుందేమోనని. ముందు చూడలేదు. ముసలాయన టార్చి ఊపుతూ గోడ పక్కనే వస్తున్నాడు. నా కళ్లు డోరు మీదే ఉన్నాయి."

 కానిస్టేబుల్ తన బూట్లు చూసుకున్నాడు.

"చప్పుడు విని నాన్న వెనక తలుపు తీసుకుని పరిగెత్తుకొచ్చాడు. బండి వెనక్కి తీసి తాతని గోడకి ఆనించి కూర్చోబెట్టాం."

"కూర్చోబెట్టారా?" ఇన్‌స్పెక్టరు పెన్ను ఆగింది. "అప్పటికి బతికున్నాడా?"

"బతికే ఉన్నాడు. నీళ్లడిగాడు. నా టార్చి ఏదమ్మా అన్నాడు."

"ఆంబులెన్సుకి ఎందుకు ఫోన్ చెయ్యలేదు?"

"చేస్తానన్నా. అది వచ్చేలోగా మనమే తీసుకెళ్దాం అన్నాడు నాన్న."

"తీసుకెళ్దామనే సార్!" అరిచాడు మేస్త్రి. "దేవుడి మీద ఒట్టు. రెండడుగులు వెనక్కి వచ్చాక మడ్‌గార్డు ముడుచుకుని టైరుని పట్టేసింది. చక్రం తిరగట్లేదు. బండి కదలాలంటే దాన్ని లాగాలి కదా? పానా తెచ్చి అక్కడే సందులోనే మొదలుపెట్టా. ఆ బండిలోనే ఆసుపత్రికి తీసుకెళ్దామని! అప్పుడే... ఆ గీత... చెయ్యి అలవాటు బావా. నేనేం చెయ్యను? లాగేసరికి ఆయన పోయాడు. నా తప్పా అది?"

అతను బావ వైపు చూశాడు. ఇన్‌స్పెక్టరు కూడా చూశాడు. డిటెక్టివ్ నమ్మాడు. అరక్షణం, మనసులో ఎక్కడో, ఆ మనిషి కోసం ఏదో కదిలింది కూడా.

"చక్రం తిరిగింది నాన్నా," అంది కూతురు.

మేస్త్రి ఆమె వైపు తిరగలేదు.

"ఒక్క లాగుకే టైరు వదిలింది. నేను ఎక్కి స్టీరింగ్ తిప్పి చూశా. తిరిగింది, చెప్పా కూడా. పోదాం నాన్నా, తిరుగుతోంది అన్నా. నువ్వు డోరు దగ్గరికి వెళ్లావు. డోరు మూసి సందు చూశావు. కింద ఎక్కువుంది అన్నావు. బందు వదులు చేశావు. మళ్లీ మూసి చూశావు." ఆమె గొంతులో ఏడుపు లేదు. రంగు డబ్బాలు లెక్కబెడుతున్నట్టు చెప్పుకుపోయింది. "తాత నీళ్లడుగుతూనే ఉన్నాడు. నేను తాగిస్తున్నా, నిన్ను పిలుస్తున్నా. ఒక్క నిమిషం, ఒక్క నిమిషం అన్నావు. సందు సరిగ్గా కుదిరేసరికి తాత అడగడం మానేశాడు."

షెడ్డులో ఎక్కడో ఒక రేకు వేడెక్కి టక్కుమంది.

"సొట్టతో ఆసుపత్రికి పోతే..." మేస్త్రి మాటలు ఒక్కొక్కటే రాలాయి. "గేటు దగ్గరే అడుగుతారు. ఎవరు నడిపారంటారు. పిల్ల బతుకు బుగ్గి అవుతుంది. ఒక్క పది నిమిషాలు బావా. పది నిమిషాల్లో పోతాడని నాకేం తెలుసు? కళ్లు బాగానే తెరిచి ఉన్నాడు."

"పోయాక డ్రైవరు పేరు చెప్పావు," అన్నాడు డిటెక్టివ్.

"ఇంకెవరి పేరు చెప్పను?"

ఇన్‌స్పెక్టరు కుర్చీలో కూర్చున్నాడు. ఇప్పుడు ఇస్త్రీ సంగతి చూసుకోలేదు. మొదటిసారి హేళన లేకుండా పిలిచాడు.

"మాస్టారూ."

డిటెక్టివ్ చూశాడు.

"తనే నడిపానని మేస్త్రి ఒప్పుకున్నాడు. అక్కడిదాకా రాసే ఉంది. ఆ అమ్మాయి చెప్పింది ఇంకా రాయలేదు. డ్రైవరు ఎలాగూ బయటికొస్తాడు. నేను అడగట్లేదు. ఊరికే చెబుతున్నా."

మేస్త్రి రెండు చేతులూ జోడించాడు. పానా పట్టీ పట్టీ కాయలు కాసిన చేతులు. "నీ కాళ్లు పట్టుకుంటా బావా. నన్ను ఉరి తియ్యమను. పిల్ల పేరు రానివ్వకు. అక్క చేతుల్లో పెరిగిన పిల్ల. అక్కే ఉంటే..."

"మీ అక్క పేరు ఎత్తకు."

కేక వేయలేదు. అయినా మేస్త్రి దెబ్బ తిన్నట్టు వెనక్కి జరిగాడు.

డిటెక్టివ్ ఆ పిల్ల వైపు చూశాడు. ఆమె కళ్లు దించుకోలేదు, కాపాడమనీ అడగలేదు. చెప్పింది చెప్పినట్టు మోయడానికి సిద్ధపడి నిలబడింది. ఇప్పుడు ఆ మాట కొట్టేస్తే, ఈ పిల్ల బతుకంతా డోరు మూసి సందు చూసుకునే బతుకే అవుతుంది. అది ఆయనకు తెలుసు. జైలు ఎన్నాళ్లో కోర్టు చెబుతుంది. అదెన్నాళ్లో ఎవరూ చెప్పరు.

"ఆ అమ్మాయి చెప్పింది రాయండి," అన్నాడు. "తక్కువ వద్దు, ఎక్కువ వద్దు. నడిపింది తను. ఫోన్ చేస్తానంది తను. నీళ్లు తాగించింది తను. ఒక్క లాగుకే టైరు వదిలిందన్నది మర్చిపోకండి. అది మేస్త్రి పేరు కింద రాయండి."

పెన్ను మూత తీసిన చప్పుడు వినిపించింది.

మేస్త్రి ఏడ్చాడు. బావా అని మళ్లీ పిలిచాడు. డిటెక్టివ్ తాడు కిందుగా దూరి బయటికి నడిచాడు. వెనక నుంచి ఆ పిల్ల "జాగ్రత్తగా వెళ్లండి మావయ్యా" అంది. ఆయన తల ఊపాడు. ఆమెకు కనిపించిందో లేదో.

ఆ సాయంత్రం డ్రైవరును వదిలారు. లాకప్పు బయట మెట్ల మీద భార్యాభర్తలిద్దరూ అప్పుడే వాదులాడుకుంటున్నారు, చెప్పులు ఎందుకు తేలేదని ఆయన, అడక్కుండా ఎలా తెలుస్తుందని ఆమె. డిటెక్టివ్‌ను చూసి ఆమె దిగి వచ్చింది.

"మేస్త్రి మీ వాళ్లేనటగా అండీ. కానిస్టేబుల్ చెప్పాడు. సొంతవాళ్లని తెలిసి కూడా... ఆ అమ్మాయిని ఏం చేస్తారండీ? అసలు మీరెలా..."

"మీ ఆయన్ని ఇంటికి తీసుకెళ్లమ్మా."

"అది కాదండీ, మీ మనసుకి ఎంత..."

"చూడమ్మా. కోర్టు పిలిస్తే వెళ్తాను, అడిగినదానికి జవాబు చెబుతాను. ఆ గడప దిగాక ఈ సంగతి నా దగ్గర నువ్వు ఎత్తకూడదు, మీ ఆయన ఎత్తకూడదు, ఎవరూ ఎత్తకూడదు. నేను మాట్లాడను."

ఇంకేమీ చెప్పలేదు. ఆ తర్వాత ఆయన బతికినన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు.